బోర్డు మీద చెవి

సోమవారం

అమ్మాయి ఈ పొద్దున బస్సెక్కింది. కరెంటు కార్ల రిపేరు నేర్పుతారట, రెండు వారాలు. "చప్పుడే చెయ్యని బండికి రిపేరేమిటే?" అన్నాను. "అందుకే కదా నాన్నా నేర్చుకోవాల్సింది" అంది. షెడ్డు తాళాలు నా చేతిలో పెట్టి, "ఏదైనా అనుమానం వస్తే ఫోన్ చెయ్యి, మొహమాటపడకు" అని మరీ చెప్పి వెళ్ళింది. నాకు అనుమానమా! నేనీ షెడ్డు పెట్టేనాటికి అది ఉయ్యాల్లో ఉంది.

అది లేకపోతే షెడ్డులో మాట్లాడటానికి మనిషి లేడు. బ్యాటరీల కంపెనీవాడు ఎప్పుడో ఇచ్చిన డైరీ ఉంటే తీసి, ఇందులో మాట్లాడుకుంటున్నాను. ఇది ఎదురు చెప్పదు, అదో సుఖం.

మధ్యాహ్నం పనేమీ లేక నిచ్చెన వేసుకుని బోర్డు తుడిచాను. దాని మీద నా పేరు లేదు, షెడ్డు పేరు లేదు, ఇంత పెద్ద చెవి బొమ్మ ఉంది, అంతే. ఇంకేం అక్కర్లేదు. ఇంజను మీద స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని రోగం ఎక్కడుందో చెప్పేస్తానని అందరూ నన్ను చెవి మాస్టారంటారు. ఎదురు షెడ్డువాడు కంప్యూటరు కొన్నాడు. కొననీ. దానికి చెవులున్నాయా?

ఈ ఏడాది దోమలు బొత్తిగా లేవు. ఒక్కటి కూడా రొద పెట్టడం లేదు. చేతులు మాత్రం ఎందుకో ఒకటే దురద.

మంగళవారం

ఒక స్కూటరు వచ్చింది. ముందు నుంచి ఏదో చప్పుడట. నడిపి చూశాను, నాకేమీ తేడాగా అనిపించలేదు. అమ్మాయి ఉంటే "నాన్నా, నువ్వన్నట్టు చక్రం బేరింగే" అని అందించేది. నేను ఎప్పుడన్నానో నాకు గుర్తుండదుగానీ, అన్నది మాత్రం ప్రతిసారీ నిజమయ్యేది. ఈ వయసులో మతిమరుపు సహజం. స్కూటరువాడిని రేపు రమ్మన్నాను.

బుధవారం

పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. సందు చివర ఆసుపత్రి ఆవిడదే. కొత్త కారు, కప్పుకి అద్దం, మీట నొక్కితే తెరుచుకుంటుంది. సన్‌రూఫ్ అంటారు. వానా ఎండా పడకూడదనే కదా కప్పు వేసుకునేది, మళ్ళీ దానికి కన్నమెందుకో. మనకెందుకులే.

"మాస్టారూ, కప్పులోంచి కీచు కీచుమంటోంది. ఎక్కడా పట్టుకోలేకపోతున్నారు. కంప్యూటరు పెట్టి చూసి ఏ లోపమూ లేదంటున్నారు" అంది. ఎదురు షెడ్డువాడి గురించే! ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ బాధ ఏమిటంటే, పసివాడికి ఆరో నెల. ఉయ్యాల్లో నిద్రపోడు, ఒళ్ళో నిద్రపోడు, కారులో తిప్పితేనే నిద్రపోతాడు. సరిగ్గా కన్నంటుకునే వేళకి కప్పు కీచుమంటుంది, వాడు ఉలిక్కిపడి లేస్తాడు. "పగలంతా ఆసుపత్రిలో పళ్ళు, సాయంత్రమంతా రోడ్ల మీద వీడు. నేను పడుకుని ఎన్నాళ్ళయిందో. ఊరంతా మీ చెవి గురించే చెబుతున్నారు. మీరే నాకు దిక్కు" అంది. కళ్ళ కింద నల్లగా వలయాలు. జాలేసింది.

పక్కన కూర్చుని ఒక చుట్టు తిరిగి వచ్చాం. స్పీడ్ బ్రేకరు మీద "అదిగో! విన్నారా?" అంది. "వినకేం" అన్నాను. మలుపులో "ఇదిగో, మళ్ళీ!" అంది. "ఊఁ ఊఁ" అన్నాను. "దేనివల్లంటారు?" అంది. "రబ్బరు ఎండిపోయిందమ్మా. శనివారానికి బండి మీ చేతిలో పెడతాను" అన్నాను.

నిజానికి చప్పుడేమీ లేదు. పొద్దస్తమానం ఆ డ్రిల్లు మోత విని విని ఆవిడ చెవుల్లో అది గూడు కట్టుకుంది. ఆ మాట ముఖం మీద చెప్పలేం కదా.

గురువారం

అద్దం చుట్టూ రబ్బరంతా తుడిచి సిలికాన్ గ్రీజు పట్టించాను. అద్దం జరిగే పట్టాల్లో దుమ్ము తీశాను. వాననీళ్ళు పోయే గొట్టాలు కూడా ఊది శుభ్రం చేశాను. ఒక్కణ్ణే నడుపుకుంటూ మార్కెట్టు దాకా వెళ్ళొచ్చాను. కప్పు కిక్కురుమనలేదు. అనుకున్నదానికన్నా తేలిగ్గా అయిపోయింది.

అదే రోజు, సాయంత్రం

అయిపోలేదు. మీసం మెలేస్తూ మా ఆవిణ్ణి ఎక్కించుకుని షికారుకి తీసుకెళ్ళాను. సందు దాటకముందే రెండు చెవులూ మూసుకుని "అబ్బా, ఏమిటండీ ఆ కీచు? పళ్ళు పులిసిపోతున్నాయి" అంది.

"ఏ కీచు?" అన్నాను. వెంటనే నాలుక కరుచుకుని, "ఆ కీచా! కొత్త గ్రీజు కదా, సర్దుకుంటుందిలే" అన్నాను. ఆవిడ నా వైపు అదోలా చూసింది.

అప్పుడొక ఉపాయం తట్టింది. మా ఆవిడకి చిరాకొస్తే కుడి కనుబొమ్మ లేస్తుంది. మా ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా వాతావరణం తెలుసుకునేది నేను దాన్నిబట్టే. వెనక బళ్ళు చూసే అద్దాన్ని ఆవిడ వైపు తిప్పి, కనుబొమ్మ ఎక్కడ లేస్తే అక్కడ చప్పుడన్నమాట అనుకుని నడిపాను. మలుపులో లేచింది. బాగుంది. గుంతలో లేచింది. బాగుంది. తర్వాత నున్నటి రోడ్డు మీద ఆగకుండా లేస్తూనే ఉంది. ఇదేమిటి చెప్మా అని అద్దంలోకి వంగి చూస్తున్నాను. "రోడ్డు చూడండీ!" అని కేక పెట్టింది. కారు డివైడరు ఎక్కబోయింది.

ఈ పరికరం పనికిరాదు. వేరే విషయాలక్కూడా లేస్తుంది.

శుక్రవారం

అమ్మాయి ఫోన్ చేసింది. డాక్టరమ్మ కారు సంగతి అప్పుడే దీనికి ఎవరో మోసేశారు.

"నాన్నా, అద్దం ఒక అంగుళం తెరిచి నడిపి చూసే ఉంటావుగా? అప్పుడు చప్పుడు ఆగితే రబ్బరు దగ్గర, ఆగకపోతే కింద ఫ్రేములో అని నువ్వే చెబుతావుగా ఎప్పుడూ" అంది.

"చూశాను" అన్నాను.

"ఆగిందా?"

"ఆగీ ఆగనట్టు" అన్నాను.

"రేపొకసారి అమ్మని కూర్చోబెట్టుకుని మళ్ళీ చూడు నాన్నా" అంది. "ఎందుకు, నాకు చెవుల్లేవా?" అన్నాను. కోపం ఎందుకొచ్చిందో తెలీదు. ఫోన్ పెట్టేశాను.

మా ఆవిడ ఆ కారు ఎక్కనంది. ఎక్కినా డ్రైవరుగా నేనుండకూడదట. అద్దం అంచుల వెంబడి టేపు అంటించి నడిపాను, తీసి నడిపాను. రెండుసార్లూ ఒకేలా ప్రశాంతంగా ఉంది. ఇక చెయ్యాల్సిందేమీ లేదు. రేపు బండి ఇచ్చేస్తున్నాను.

శనివారం

ఇచ్చాను. డాక్టరమ్మ దణ్ణం పెట్టి పసివాణ్ణి వెనకసీట్లో పడుకోబెట్టుకుని వెళ్ళింది. నేను టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు తిరిగొచ్చింది. పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆవిడ కూడా ఏడ్చేటట్టే ఉంది. ఎదురు షెడ్డువాడు గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటూ చూస్తున్నాడు. వాడి చేతులకి మురికేమీ లేదు, ఊరికే తుడుచుకుంటున్నాడు.

"ఇంకా ఎక్కువైంది మాస్టారూ!" అంది.

"అదే, ఎక్కువయ్యి తగ్గుతుంది" అన్నాను. ఏం మాటో అది. నాకు తల కొట్టేసినట్టయింది. బండి మళ్ళీ షెడ్డులో పెట్టుకున్నాను.

అయితే ఒకటి. పసివాడి ఏడుపు నాకు స్పష్టంగా వినిపించింది. రోడ్డు అవతల్నుంచే వినిపించింది. కాబట్టి నా చెవులకేమీ కాలేదు.

ఆదివారం

పన్ను నొప్పి. దవడ బిగించి పడుకుంటున్నానట, మా ఆవిడ అంటోంది. ఎవరితోనూ మాట్లాడలేదు.

సోమవారం

నొప్పి తట్టుకోలేకపోయాను. పళ్ళ డాక్టరంటే ఈ చుట్టుపక్కల ఆవిడొక్కతే. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలా అని గుమ్మం దగ్గర తచ్చాడాను. ఆవిడే చూసి లోపలికి పిలిచింది. కారు మాట ఎత్తలేదు, పెద్దమనిషి.

నా ముందు ఒక పోలీసాయన కుర్చీలో కూర్చుని డ్రిల్లు ఇంకా నోట్లో పెట్టకముందే "అమ్మో" అన్నాడు. ఇంత మనిషి! నవ్వొచ్చింది. నా వంతు వచ్చింది. నోరు తెరుచుకుని, కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నాను. ఎంతకీ మొదలుపెట్టదు. చెయ్యి ఊపి, "ఇంకా ఎంతసేపమ్మా, మొదలుపెట్టండి" అన్నాను.

డాక్టరమ్మ చేతిలో డ్రిల్లు చూపించింది. దాని కొస గిర్రున తిరుగుతోంది. "ఇందాకట్నుంచి తిరుగుతూనే ఉంది మాస్టారూ" అంది.

"మరి నేను ధైర్యస్థుణ్ణి" అన్నాను.

తర్వాత ముఖానికున్న గుడ్డలోంచే ఏదో అంది. "అలాగేనమ్మా, తప్పకుండా" అన్నాను. ఆవిడ గుడ్డ కిందికి లాగి, "మీ వయసెంత అని అడిగాను" అంది.

పన్నులో తాత్కాలికంగా ఏదో కూరింది, కొన్నాళ్ళు జివ్వుమంటూ ఉంటుందట. వచ్చేస్తుంటే గుమ్మందాకా వచ్చి, "నా డ్రిల్లుకి బెదరని మనిషిని ఇంతవరకు చూడలేదు. సన్నటి చప్పుళ్ళు మీ చెవికి అందడం లేదేమో. ఒకసారి చూపించుకోండి మాస్టారూ, తప్పేముంది" అంది మెల్లగా.

పళ్ళ డాక్టరుకి చెవుల సంగతి ఏం తెలుసు? పళ్ళు చూసుకోమనండి. ఆ గుడ్డ మరీ మందంగా ఉంది, దాంట్లోంచి ఎవరు మాట్లాడినా వినబడదు.

పోలీసాయన కంటే నేనే నయం. అది మాత్రం రాసి పెట్టుకోవాలి.

మంగళవారం

షెడ్డు తెరవలేదు.

బుధవారం

మా ఆవిడ దోమతెర కడుతోంది. "దోమలే లేవుగా, ఎందుకిప్పుడు?" అన్నాను. నా చెయ్యి పట్టుకుని దీపం దగ్గరికి లాగి చూపించింది. మోచేతి దాకా దద్దుర్లు. "లేకపోతే మిమ్మల్ని కుట్టింది ఎవరు, నేనా?" అంది. సరిగ్గా అప్పుడే నా ముంజేతి మీద ఒకటి వాలింది. చెవి పక్కనుంచే వచ్చి వాలింది. రెక్కలు ఆడించడం కనిపించింది. చప్పుడు లేదు.

కుర్చీలో కూలబడిపోయాను. "ఏమైందండీ?" అంటే ఏమీ లేదన్నాను.

తర్వాత షెడ్డుకి వెళ్ళి డాక్టరమ్మ కారులో కూర్చున్నాను. కప్పు మీద చెయ్యి వేసి ఊపాను. ఇంకా గట్టిగా ఊపాను. ఆ చప్పుడు ఉంది, నాకు అందడం లేదు. ఇంతే సంగతి. ఇది రాయడానికి ఇన్ని పేజీలు పట్టింది.

భయంగా ఉంది. నాకు చదువు లేదు, కంప్యూటరు రాదు. ఉన్నది ఒక్క చెవి, దాన్నే బోర్డు మీద ఎక్కించాను. అది కాస్తా పోతే ఆ బోర్డు కింద కూర్చున్నవాణ్ణి ఎవరనాలి? జనం నవ్వితే నవ్వనీ. అమ్మాయి ముందు తలెత్తుకోవడం ఎలా? చిన్నప్పుడు దాన్ని ఇంజను దగ్గర నిలబెట్టి, "ఇది విను, ఇప్పుడు ఇది విను, తేడా చెప్పు" అని నేర్పింది నేనే.

స్కూటరువాడు ఎదురు షెడ్డుకి వెళ్ళాడు. చూశాను.

ఆదివారం

అమ్మాయి వచ్చేసింది. బస్సు దిగి సంచీతో నేరుగా షెడ్డుకే వచ్చింది. నేను నీళ్ళు కూడా తాగనివ్వకుండా అనేశాను. ఆగితే అనలేనని తెలుసు.

"అమ్మడూ, నాకు సన్న చప్పుళ్ళు వినబడటం లేదే."

సంచీ కింద పెట్టింది. "తెలుసు నాన్నా" అంది.

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"ఆ రోజు ఇంజను బెల్టు అరుస్తుంటే నువ్వు టైర్లో గాలి చూశావు చూడు, అప్పట్నుంచి."

అది పోయినేడాది మాట. "మరి ఆ బేరింగులూ, ఆ టాపెట్లూ, అవన్నీ నేనే చెప్పానన్నావు?"

"ఊఁ."

"నేను చెప్పలేదా?"

"ఒకటి రెండు చెప్పావులే" అంది. నేల చూస్తూ అంది.

ముందు ఒళ్ళు మండిపోయింది. ఏడాది పాటు నా నోట్లో మాటలు పెట్టి నన్ను ఆడిస్తుందా ఇది! చేతిలో ఉన్న పానా విసిరికొట్టాను. అది దొర్లుకుంటూ పోయి గోడకి తగిలింది. ఆ చప్పుడు బాగానే వినిపించింది. అమ్మాయిని చూస్తే మాత్రం కోపం నిలవలేదు. ఏ కస్టమరు ముందూ నన్ను ఒక్కనాడు చులకన కానివ్వలేదు. ఎదురు షెడ్డువాడి ముందు మరీనూ. నేను గొప్పలు చెప్పుకుంటుంటే పక్కన నిలబడి తలూపింది. ఏడుపొచ్చేసింది, దాని ముందే ఏడ్చాను. అది కూడా ఏడ్చి, తర్వాత ముక్కు తుడుచుకుంటూ "అయితే ఆ కారు సంగతి చూద్దామా?" అంది.

"ముందు కాఫీ తాగి రా పో" అన్నాను.

సోమవారం

పొద్దున్నే మొదలుపెట్టాం. ఒక చక్రం కింద జాకీ పెట్టి లేపితే కారు ఒళ్ళు కాస్త మెలి తిరుగుతుంది, అప్పుడు ఊపితే రోడ్డు మీద వచ్చే చప్పుడే షెడ్డులోనూ వస్తుంది. అమ్మాయి లోపల కూర్చుని వింది. నేను బయట నిలబడి ఊపాను.

"ముందు కుడివైపు నాన్నా" అంది. అక్కడ స్క్రూలు చూశాం. బిగుతుగానే ఉన్నాయి. "కాదు కాదు, మధ్యలో" అంది. అక్కడా ఏమీ లేదు. "ఎడమ... అబ్బ, కప్పంతా పాకుతోంది నాన్నా, ఎటు తిరిగితే అటే వినిపిస్తోంది" అని తల పట్టుకుని కిందికి దిగింది. చెవులున్న మనిషి పరిస్థితి ఇది! మనసులో ఎక్కడో కాస్త తృప్తిగా అనిపించింది. పాపం అని కూడా అనిపించింది.

అలవాటు కొద్దీ పాత స్క్రూడ్రైవరు తీశాను, చెక్క పిడిది. చెవి దాకా తెచ్చి ఆపేశాను. చెవికి పెట్టి ఇక లాభం లేదు. ఏమనుకున్నానో ఏమో, పిడి పళ్ళ మధ్య పెట్టి కరిచిపట్టుకుని, కొస అద్దం ఫ్రేముకి ఆనించాను. మెడ వంకర పోయింది. "ఇప్పుడు నువ్వు ఊపు" అందామంటే నోట్లోంచి మాట రాదు. చేత్తో సైగ చేశాను. అమ్మాయి నన్ను చూసి నవ్వు ఆపుకోలేక బానెట్టు మీద పడిపోయింది. కాసేపటికి గానీ ఊపడానికి రాలేదు.

ముందు కుడి మూల. ఏమీ లేదు. ముందు ఎడమ. ఏమీ లేదు. వెనక కుడి. లేదు. వెనక ఎడమ మూలకి ఆనించానో లేదో, డాక్టరమ్మ కూరిన పన్ను జివ్వుమంది! ప్రాణం పోయినంత పనైంది. "ఆఁ! ఆఁ!" అన్నాను. "నొప్పా, దొరికిందా?" అంది అమ్మాయి. రెండూ.

లోపలి కప్పు అట్ట దించి చూస్తే, ఆ మూల అద్దాన్ని పట్టి ఉంచే స్క్రూ సగం వదులు. అద్దానికున్న పట్టీ దాని కింద రాసుకుని రాసుకుని నల్లటి పొడి రాలి ఉంది. అది ఎవరి కంటికీ ఆనదు. పొడి తుడిచి, స్క్రూ బిగించి, అద్దం ఎత్తు కప్పుతో సమానంగా ఉందో లేదో కాగితం ముక్క జారించి సరిచేశాను. ఆ కొలత నా చేతివేళ్ళకి ఇప్పటికీ బాగానే తెలుస్తుంది.

"ఊపండి మాస్టారూ" అంది అమ్మాయి లోపల్నుంచి, డాక్టరమ్మ గొంతు పెట్టి. ఊపాను. అది కళ్ళు మూసుకుని విన్నది. నేను పన్నుతో విన్నాను. ఇద్దరికీ ఏమీ వినబడలేదు.

మంగళవారం

డాక్టరమ్మ నడిపింది, అమ్మాయి పక్కన కూర్చుంది, నేను వెనక పసివాడి దగ్గర. వాడు కళ్ళు అరమోడ్చాడు. గుంతలు ఎక్కడున్నాయో అక్కడికే పోనిమ్మన్నాను. మొదటి స్పీడ్ బ్రేకరుకి పెదవి ముడిచాడు. నేను సీటు గట్టిగా పట్టుకున్నాను. పెదవి వదిలేసి నోరు తెరిచి నిద్రపోయాడు. ఊరంతా తిరిగాం. వాడు కదల్లేదు. కారులో ఎవరం ఊపిరి కూడా సరిగ్గా పీల్చలేదు.

డాక్టరమ్మ అద్దంలో నా వైపు చూస్తూ ఏదో చెప్పింది. ముఖం వెలిగిపోతోంది. మామూలుగా అయితే "అలాగేనమ్మా" అనేవాణ్ణి. అమ్మాయి వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది.

"వినబడలేదమ్మా. గట్టిగా చెప్పండి" అన్నాను.

డాక్టరమ్మ పసివాణ్ణి చూపించి, గట్టిగా ఎలా చెబుతానన్నట్టు తల అడ్డంగా ఊపింది. మలుపులో కారు ఆపి, వేలితో తన చెవి చూపించి, తర్వాత నన్ను చూపించి, రెండు చేతులూ జోడించింది. ముందు తిట్టిందో మెచ్చుకుందో అర్థం కాలేదు. అమ్మాయి నా చెవి దగ్గరికి వంగి, "తన క్లాసుమేట్ ఒకావిడ చెవుల డాక్టరట. గురువారం తీసుకెళ్తానంటోంది. వస్తావా?" అంది.

వస్తానని తలూపాను.

ఆదివారం, చాలా రోజుల తర్వాత

చెవి వెనకాల చిక్కుడు గింజంత మిషను. మొదటి రోజు తల పగిలిపోయింది. ఫ్యాను ఇంత గోల చేస్తుందని ఎవరైనా చెప్పారా? చెప్పులు చప్పుడు చేస్తాయి, కాగితం చప్పుడు చేస్తుంది, ఈ పెన్ను కూడా గీరుతోంది. దోమలు బోలెడున్నాయి. మా ఆవిడ వంటింట్లో తనలో తాను ఏదో గొణుక్కుంటుందని ఇన్నాళ్ళూ తెలీనే తెలీదు. ఏం గొణుగుతోందా అని మెల్లగా వెళ్ళి విన్నాను. నా గురించే. తీసేసి జేబులో పెట్టుకుందామనుకున్నాను. ఆవిడ కనుబొమ్మ లేచింది. ఉంచుకున్నాను.

పొద్దున షెడ్డుకి వెళ్ళేసరికి అమ్మాయి నిచ్చెన మీద ఉంది. చేతిలో పెయింటు డబ్బా, కుంచె. ఎదురు షెడ్డువాడు గుమ్మంలోకొచ్చి నోరెళ్ళబెట్టి చూస్తున్నాడు. ఏమిటా అని నేనూ తలెత్తాను. బోర్డు మీద నా చెవికి మిషను వేస్తోంది!

ఊరంతటికీ చాటింపు వేస్తుందా ఇది, దిగవే అని కేకేయబోయాను. నోటిదాకా వచ్చింది. కానీ బొమ్మ చూస్తే అసలు తప్పు వేరే చోట ఉంది.

"అక్కడ కాదే, చెవి వెనకాల వెయ్యాలి! ఇంకా పైకి!" అని అరిచాను.

"అరవకు నాన్నా, నాకు వినబడుతుంది" అంది.

వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాను.